సుజన దుకాణం పేరు

రాయగడలో తండ్రి నడిపే కిరాణా కొట్టు వెనక గదిలో సుజన తన ఆన్‌లైన్ దుకాణం మొదలుపెట్టింది. మునిగుడ వైపు నుంచి వచ్చే కొండ పసుపు, తేనె అమ్మాలని ఆమె ఆలోచన. వెబ్‌సైటును ఏ హోస్టింగ్ కంపెనీలో పెట్టాలా అని నలుగురినీ విచారించి, ఫోను చేస్తే మనిషి పలికే కంపెనీని ఎంచుకుంది. ఖాతా తెరిచే పని మాత్రం పెద్దమ్మ కొడుకు లోకనాథం తీసుకున్నాడు. జేకేపూర్‌లో అతనికి కంప్యూటర్ సెంటరుంది.

"నాకొగ్గీ అమ్మీ, నాను సూసుకుంటాను," అన్నాడు.

ఏడాదిలో దుకాణం నిలదొక్కుకుంది. దసరా ముందు ఆర్డర్ల తాకిడికి సైటు మొరాయిస్తుంటే, పెద్ద ప్లాను కోసం సుజన కంపెనీకి ఫోను చేసింది. సైటూ, దుకాణం పేరూ లోకనాథం పేరున ఉన్నాయనీ, ఆయనతో తప్ప మాట్లాడడం కుదరదనీ అవతలి అమ్మాయి హిందీలో మర్యాదగానే చెప్పింది.

సుజన ఆ మధ్యాహ్నమే జేకేపూర్ వెళ్లింది.

"నా పేరున ఎందుకు పెట్టనేదు అన్నయ్యా?"

లోకనాథం తెర మీంచి చూపు తిప్పలేదు. "సైటు కట్టింది నానే, నడిపింది నానే. నువ్వు సరుకేగా పంపినావు. సగం వాటా నాకు రాసీ, నీ పేరున మార్చీస్తాను."

"పరాయోడైతే అన్నీ అడుగుదును. నువ్వని అడగనేదు," అని సుజన లేచి వచ్చేసింది.

కొత్త పేరుతో, అదే కంపెనీలో, ఈసారి తనే ఖాతా తెరుచుకుంది. పాతవాళ్లలో కొందరే వెతుక్కుంటూ వచ్చి కొన్నారు. పాత సైటు ఇప్పటికీ నడుస్తోంది. అందులో పసుపు కొమ్ములు ఏరుతున్న సుజన తల్లి ఫోటో కింద లోకనాథం ఎవరి సరుకో అమ్ముతున్నాడు. ఆ ఫోటో తీసెయ్యమని అడగడానికి కూడా సుజన అతనికి ఫోను చెయ్యలేదు.