ట్రోత్ అంటే విధేయత కాదు

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, మా నగర శివారు క్రెయిగీబర్న్‌లో జరిగే ఒక పెళ్లికి నేను పనిచేసే ఏజెన్సీ నన్ను తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా వేసింది. అప్పటికి నేను ఎక్కువగా కోర్టులూ, ఆసుపత్రులూ చూసినదాన్ని. పెళ్లి అనగానే హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఎవరూ జైలుకు వెళ్లరు, ఎవరికీ ఆపరేషన్ లేదు.

పెళ్లికూతురు రాజేశ్వరి గారికి యాభై ఎనిమిదేళ్లు. ఒంగోలు దగ్గరి మనిషి. భర్త పోయి పదేళ్లు దాటింది. పెళ్లికొడుకు కాలిన్ ట్రామ్ డిపోలో మెకానిక్‌గా పనిచేసి మానేసిన పెద్దమనిషి. ఇద్దరికీ పరిచయం కాలనీవాళ్లందరూ కలిసి కూరగాయలు పండించుకునే తోటలో. ఆవిడ గోంగూర మడి పక్కనే ఆయన టమాటాలు. ఆవిడకు ఇంగ్లీషు కూరగాయల వరకూ బాగానే వచ్చు. పెళ్లి ప్రమాణానికి అది చాలదు. వధూవరులు తాము ఏమంటున్నారో అర్థం చేసుకునే అంటున్నారని పెళ్లి జరిపించే అధికారి నిర్ధారించుకోవాలి. ఆ అధికారిని ఇక్కడ సెలబ్రెంట్ అంటారు. మా సెలబ్రెంట్ పేరు హెలెన్. తెలుగు చెప్పడానికి రాజేశ్వరి గారి కూతురు ఉందిగా అని వాళ్లంటే హెలెన్ ఒప్పుకోలేదు, బయటి మనిషే కావాలంది. పెళ్లికి ముందు నాకు రెండు భాషలూ వచ్చని నేను డిక్లరేషన్ ఇవ్వాలి. పెళ్లి అయ్యాక, ఉన్నది ఉన్నట్టు చెప్పానని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి.

పెళ్లికి వారం ముందు హెలెన్ ఇంటి వరండాలో ప్రమాణాలు చదువుకోవడానికి కూర్చున్నాం. చట్టం చెప్పించే వాక్యం సాఫీగా గడిచింది. ఆ తర్వాత కాలిన్ ఒక పాత ప్రార్థన పుస్తకం తీశారు. వాళ్లమ్మా నాన్నా తమ పెళ్లిలో చెప్పుకున్న వాక్యం అందులో ఉందట, తామిద్దరూ అదే చెప్పుకోవాలని ఆయన కోరిక. అందులో ట్రోత్ అనే మాట ఉంది.

ఆ మాట నాకు తెలుసనుకున్నాను. విశ్వాసానికి వాడే పాతకాలపు ఇంగ్లీషు మాట అని గుర్తు. అలాంటిదే ఇంకొకటి ఉంది, ఫీయల్టీ. సామంతుడు ప్రభువు ముందు మోకరిల్లి చేసే ప్రమాణం అది. నా బుర్రలో రెండూ ఒకే అరలో పడి ఉన్నాయి. ఆలోచించకుండా, "నీకు విధేయురాలిగా ఉంటానని ప్రమాణం చేస్తున్నాను" అని తెలుగులో చెప్పేశాను.

రాజేశ్వరి గారు చేతిలోని కప్పు కింద పెట్టారు.

"విధేయత నేను ముప్పయ్యేళ్లు చేశానమ్మా. ఇంక చెయ్యలేను. అట్టాగైతే నాకీ పెళ్లొద్దు."

మా వృత్తిలో "ఆవిడ ఇలా అంటోంది" అనకూడదు. ఎవరు మాట్లాడితే వాళ్లుగానే మాట్లాడాలి. కాబట్టి నేను కాలిన్ ముఖంలోకి చూసి, నాకీ పెళ్లి వద్దని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. పుస్తకం మూసి, తానేం తప్పు చేశానని నెమ్మదిగా అడిగారు.

తప్పు ఆయనది కాదేమోనని నాకు అప్పుడు తట్టింది. మా సొంత మాట చెప్పాల్సి వస్తే మమ్మల్ని మేమే మూడో మనిషిగా చెప్పుకోవాలి. "ఇంటర్‌ప్రెటర్‌కు ఒక మాట మీద అనుమానం ఉంది, అయిదు నిమిషాలు కావాలి" అని రెండు భాషల్లోనూ చెప్పి ఫోన్‌లో నిఘంటువు తెరిచాను.

ఫీయల్టీ ఫ్రెంచి వాళ్ల నుంచి వచ్చిన మాట, దొరల కొలువులో పెరిగింది. ట్రోత్ పాత ఇంగ్లీషు ఇంటి మాట. ట్రూత్‌కు తోబుట్టువు. నిజం, నమ్మకం, ఇచ్చిన మాట, ఈ మూడూ అందులో ఉన్నాయి. పెళ్లి కుదిరిన జంటను బిట్రోత్‌డ్ అనడం దాన్నుంచే. అందులో పైవాడూ కిందివాడూ లేరు.

నా తప్పు ఇద్దరికీ చెప్పాను. ఆ వాక్యంతో తన ఉద్దేశమేమిటో సొంత మాటల్లో చెప్పమని హెలెన్ కాలిన్‌ను అడిగింది.

"ఆవిడకు నేను అబద్ధం చెప్పను," అన్నారాయన. "అంతే. మా నాన్న కూడా మా అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు."

రాజేశ్వరి గారు కప్పు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. "మాటివ్వటమేగా? అది నేనూ ఇస్తా," అన్నారు. వెంటనే, "అయితే ఒకటి ఇప్పుడే చెప్పాలి. ఈయన చేసుకొచ్చే ఆ పావ్లోవా కేకు నాకస్సలు నచ్చదు. ఏడాది నుంచి బాగుందంటున్నా," అన్నారు.

అదీ ఉన్నది ఉన్నట్టే చెప్పాను. వరండా అదిరేలా నవ్వింది కాలినే. ఆవిడ పెట్టే గోంగూర పచ్చడి తిన్నప్పుడల్లా తాను రెండు గ్లాసుల పాలు తాగుతున్నానని ఆయనా ఒప్పుకున్నారు.

మరుసటి శనివారం ఆ తోటలోనే పెళ్లి జరిగింది. "నా మాట నీకు ఇస్తున్నాను" అని ఆవిడ చెప్పారు. సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్టాను.

తెలియని మాట ఇంటర్‌ప్రెటర్‌ను పెద్దగా ఇబ్బంది పెట్టదు. దాని దగ్గర ఎలాగూ ఆగుతాం. ప్రమాదమంతా సగం తెలిసిన మాటతోనే. ఆ తర్వాత పనిచేసిన రెండేళ్లలో అనుమానం వచ్చిన ప్రతిచోటా ఆపి అడిగాను. ఒక మేజిస్ట్రేట్ కాస్త విసుక్కున్నారు. మిగతావాళ్లందరూ ఆగారు.