మా వీధి మలుపులో లైటు ఎన్నిక

తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్ళి బాపట్లలో ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. ప్రభుత్వం అందరికీ కలిపి ఇవ్వాల్సినవి ఏంటి అనే పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద వీధిలైటు స్తంభం బొమ్మ గీసేదాన్ని. "దీని వెలుగు డబ్బు కట్టినవాడి మీద పడి, కట్టనివాడిని వదిలేసి పోదు. అందుకే సొంత డబ్బుతో ఎవడూ వెయ్యడు, ప్రభుత్వమే వెయ్యాలి" అని గొంతు చించుకునేదాన్ని. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "మేడం, మీ వీధిలో లైటుందా అండి?" అని అడిగాడు. క్లాసంతా గొల్లుమంది.

లేదు మరి. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయినా తెనాలిలో మా వీధికి లైటు లేదు. వీధి మొదట్లో రైసుమిల్లు ఆయన మేడ ఉండేది. ఆయన గేటు మీద సొంత బల్బులు పెళ్ళిపందిరిలా వెలిగేవి. అక్కణ్ణించి కొంత దూరం వచ్చి వీధి మెలిక తిరుగుతుంది. ఆ మలుపులో కాలువ మీద పలక విరిగిపోయి ఉండేది, దాని పక్కన కుక్కల మంద. చీకటి పడితే ఎవరి చెయ్యి వాళ్ళకే కనపడేది కాదు. సరిగ్గా ఆ మలుపులోనే మా ఇల్లు. ఇంటి ముందు అరుగు, అరుగు మీద నులకమంచం, మంచం మీద మా అత్తగారు.

మా అత్తగారి గురించి ఇక్కడ చెప్పకపోతే ముందు జరిగేదేదీ అర్థం కాదు. ఆవిడ నోటికి వీధంతా హడల్. కూరగాయల బండివాడు మా ఇంటి దగ్గరికొచ్చేసరికి కేక తగ్గించి, గుసగుసగా "వంకాయలమ్మా" అనేవాడు. నన్నయితే సరేసరి. నా పుట్టిల్లు రేపల్లె. "మీ ఊళ్ళో రైలు పట్టాలే అయిపోతాయి, ఇంక తెలివెక్కడిదాకా వస్తదే?" అనేది. మా ఆయన సంగతి అడక్కండి, తల్లి ఎదుట ఆయనకి ఓటుహక్కే లేదు.

మలుపు దాటాక చివరి ఇల్లు టైలరు సాయిబుగారిది. ముందు గది కొట్టు, వెనక సంసారం. ఆయన కూతురు ఇంటరు అయ్యాక స్టేషన్ రోడ్డులో కంప్యూటర్ కోర్సులో చేరింది. పగలంతా తండ్రి దగ్గర కాజాలు కుట్టడం, హెమ్మింగులు, సాయంత్రం క్లాసు. క్లాసు వదిలేసరికి చీకటి పడేది. మలుపు రాగానే పుస్తకాలు గుండెలకి హత్తుకుని పరుగే పరుగు. ఆ కోర్సు పూర్తయితే గుంటూరులో ఉద్యోగం వస్తుందని ఆ పిల్ల ఆశ. వానలు మొదలయ్యాక ఒక రోజు విరిగిన పలకలో కాలు పడి మోకాలు చీరుకుపోయింది. "లైటు పడితే సరే, లేకపోతే క్లాసు మాన్పించేస్తానండి. ఆడపిల్ల కాలో చెయ్యో విరిగితే నేనేం చేసేది?" అన్నాడు తండ్రి. ఆయన్నీ తప్పు పట్టలేం.

అదృష్టం కొద్దీ మునిసిపల్ ఎన్నికలొచ్చాయి. ఎన్నికలంటే ఏంటి, అప్పటిదాకా మన వీధి పేరే తెలియనివాళ్ళకి మన ఇంటి కుక్క పేరు కూడా తెలిసే కాలం. మా వార్డు కౌన్సిలర్ గారొచ్చి, "ఒక్క లైటు వేయిస్తానండి. ఎక్కడెయ్యాలో మీరంతా ఒక మాట మీదకి రండి. నేను ఒకరికి చేసి ఇంకొకరికి చెడ్డవాణ్ణి కాలేను" అన్నారు. రాజకీయం అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. నేను పాఠంలో ఓ వారం తీసుకుని చెప్పేది అదే.

మీటింగు రైసుమిల్లు ఆయన వరండాలో పెట్టారు. మా అత్తగారు టీవీ సీరియల్ వదిలి రానంది. మిల్లు ఆయన అందరికీ కాఫీలిచ్చాడు. అక్కడే కొంప మునిగింది. ఆయన కాఫీ తాగుతూ, ఆయన కుర్చీలో కూర్చుని, "మీ ఇంటి ముందు వద్దండి" అని ఎవరంటారు? ఎవరో "మిల్లు గారి గేటు దగ్గరయితే బాగుంటది కదండీ" అన్నారు. ఇంకొకరు "అవునండి, అవునండి" అన్నారు. చేతులెత్తమన్నారు. పక్కవాడు ఎత్తాడా లేదా అని చూసుకుంటూ ఒక్కొక్క చెయ్యే లేచింది. టైలరు సాయిబుగారి చెయ్యి కూడా లేచింది! రైలు లేటయి, నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మీటింగయిపోయింది. "ఏకగ్రీవం!" అని కౌన్సిలర్ గారు మురిసిపోతూ ఎదురొచ్చారు. పట్టపగల్లా వెలిగే గేటుకి ఇంకో లైటు, ఏకగ్రీవంగా.

మర్నాడు టైలరు కూతురు మా ఇంటికొచ్చి, "ఇంక క్లాసుకి వెళ్ళొద్దన్నాడక్కా మా నాన్న" అని అరుగు మీద కూలబడింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పులేసుకుని ఇంటింటికీ బయల్దేరాను.

ఏ గడపలో అడిగినా ఒకటే పాట. "నిజానికి మలుపులోనే ఉండాలండి, ఎవరికి తెలీదు? కానీ మరీ..." అని మా ఇంటి వైపు చూసి గొంతు తగ్గించేవాళ్ళు. "మీ అత్తగారు అక్కడ పడుకుంటారు కదా. లైటేస్తే వానాకాలం దీపప్పురుగులన్నీ ఆవిడ మీదే వాలతాయి. మమ్మల్ని బతకనిస్తదా?" టైలరు సాయిబుగారయితే, "మిల్లుగారి ఇంటిల్లిపాదీ బట్టలు నేనే కుడతానండి, ఆయన ముందు చెయ్యి ఎట్లా దించుకోను?" అన్నాడు. చివరికి మిల్లు ఆయన్నే అడిగాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "నాకెందుకమ్మా ఇంకో లైటు! ఉన్న వాటితోనే పురుగులు అన్నంలో పడి చస్తున్నాం. అందరూ అంత ప్రేమగా అంటుంటే కాదంటే బాగుండదని ఊరుకున్నా."

అంటే ఒక్కరికీ ఇష్టం లేనిదాన్ని అందరూ కలిసి గెలిపించారు. దీనికి మా పాఠ్యపుస్తకంలో పేరు లేదు. మన ఇళ్ళల్లో ఉంది: మొహమాటం.

మళ్ళీ ఓటు పెడదామన్నాను, కానీ ఈసారి రహస్యంగా. టైలరు కొట్టులో ఆడవాళ్ళు జాకెట్లు వేసుకుని చూసుకునే మూలకి పరదా ఉండేది. దాని వెనక రెండు స్టీలు చెంబులు పెట్టాం. ఒకటి మిల్లు గేటుకి, ఒకటి మలుపుకి. ఇంటికో చింతపిక్క. నచ్చిన చెంబులో వేసి రావాలి. అయితే ముందు సరదాకి వేసి చూస్తే ఓ చిక్కు బయటపడింది. పిక్క పడగానే ఠంగుమంటోంది! ఎడమ వైపు మోగిందో కుడి వైపు మోగిందో బయట నిలబడ్డవాళ్ళకి తెలిసిపోతోంది. ఇంకేముంది, మళ్ళీ మొహమాటం. టైలరు కూతురు ముక్కలబుట్టలోంచి మెత్తటి గుడ్డపీలికలు తీసి రెండు చెంబుల అడుగునా పరిచింది. ఇప్పుడు పిక్క వేస్తే కిక్కురుమనలేదు. ఇంతటి ఎన్నికల సంస్కరణ ఢిల్లీలో కూడా జరిగి ఉండదని నాకు గర్వంగా అనిపించింది.

ఆదివారం సాయంత్రం అందరూ వరసలో నిలబడ్డారు. మిల్లు ఆయన కూడా చింతపిక్క పట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. మా ఇంటి వంతు రాగానే నేను ముందుకి అడుగేశాను. వెనకనుంచి ఓ చెయ్యొచ్చి నా పిక్క లాక్కుంది. "ఇంటికో పిక్కేగా? ఇంటికి పెద్దదాన్ని నేను" అంది మా అత్తగారు. వీధంతా బిగుసుకుపోయింది. ఎన్నికలు పెట్టిన నాకే ఓటు లేకుండా పోయింది! ఆవిడ పరదా వెనక్కి వెళ్ళి చాలాసేపు ఉంది. బయటికొచ్చి ఎవరి ముఖమూ చూడకుండా స్టూలు మీద కూర్చుంది. ఒక్క పిక్క ఎదురు పడినా పర్వాలేదు, గెలుస్తాం, అనుకున్నాను. కానీ ఆవిడ కాదన్న చోట స్తంభం పాతే మొనగాడు తెనాలిలో పుట్టలేదని కూడా తెలుసు.

కౌన్సిలర్ గారు మిల్లు చెంబు బోర్లించారు. గుడ్డపీలిక ఒక్కటే రాలింది. చెంబు లోపల చెయ్యి పెట్టి తడిమి చూశారు. ఒక్క పిక్క కూడా లేదు. "మళ్ళీ ఏకగ్రీవమేనండీ!" అని ఆయన తెల్లబోయారు.

అందరూ మా అత్తగారి వైపు తిరిగారు. ధైర్యం చేసి నేనే, "అత్తయ్యా, మరి మీ మంచం మీద పురుగులు..." అన్నాను.

"పురుగులొస్తే నెత్తిన దుప్పటి కప్పుకుంటా, లేకపోతే మంచం లోపలికి లాక్కుంటా. అది నా ఏడుపు!" అంది. "ఈ పిల్ల రోజూ చీకట్లో నా మంచం పక్కనుంచే పరిగెత్తుద్ది. ఎవరో ఒకరు మెలకువగా ఉన్నారని దానికి తెలియాలని, దాని అడుగులు వినపడంగానే దగ్గేదాన్ని. ఇల్లు చేరి తలుపేసుకునేదాకా దగ్గుతానే ఉండేదాన్ని."

టైలరు కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది. "అది జబ్బనుకున్నా మామ్మా" అంది.

"జబ్బా, నా బొందా! ఆ చీకటి నాకంటే బాగా ఎవరికి తెలుసు? వీధివీధంతా నా మాటే చెప్పుకుని, నా మీదే పెట్టుకుని, నా దగ్గరికొచ్చి ఒక్క మాట అడిగినోళ్ళు ఉన్నారా?" అని వరసలో ఉన్న ఒక్కొక్కరినీ కడిగేసింది. మిల్లు ఆయన కూడా తల వంచుకున్నాడు. చివరికి నా వంతు వచ్చింది.

"ఒకే ఇంట్లో ఉంటన్నాం, ఒకే పొయ్యి మీద వండుకు తింటన్నాం. నువ్వైనా అడిగావా?"