లైన్ కలిపే అక్క

రాసుకో బిడ్డా, తార్నాకలో మన పక్కింట్లో ఉండిన ఎక్స్‌చేంజ్ అక్క గురించి చెబుతాను. యూనివర్సిటీలో ఫోన్లు కలిపే ఉద్యోగం ఆమెది. ఇద్దరికీ లైన్ కలిపి, "మాట్లాడుకోండ్రి" అని తాను తప్పుకునేది. పొరపాటున కూడా వాళ్ల మాటలు వినేది కాదు. క్యాంపస్‌లో ఆ పాత ఫోన్లు తీసేసి ఇంటర్నెట్ ఫోన్లు పెట్టినప్పుడే రిటైరయింది గానీ, అలవాటు పోలేదు. చేతిలో సెల్‌ఫోన్ ఉంటే చాలు, ఎవరినో ఒకరిని కలుపుతూనే ఉండేది.

అప్పట్లో నాకూ, సీతాఫల్‌మండిలో ఉండే మా వదినకూ మాటల్లేవు. తన కూతురి పెళ్లికి బొట్టు పెట్టి పిలవలేదని నా కోపం. మేనత్తనై ఉండీ నేను రాలేదని ఆమె కోపం. ముందుగా ఫోన్ చేయడానికి ఇద్దరికీ నామోషీ. బతుకమ్మ దగ్గర పడుతోంది, వదిన లేకుండా ఆడడమెట్లా అని లోపల నాకు ఒకటే దిగులు.

ఒకరోజు అక్క నెట్‌లో వీడియో కాల్ చేసింది. ఎత్తితే, తెర మీద ఆమె పక్క గడిలో వదిన మొహం!

"లైన్ కలిపిన. మాట్లాడుకోండ్రి," అని అక్క మాయమైంది.

మేమిద్దరమే మిగిలాం. ముందు కట్ చేస్తే ఓడిపోయినట్టేనని ఇద్దరమూ కదల్లేదు. చివరికి వదినే, "ఏందే, గంత సన్నగైనవ్?" అంది.

"నువ్వు పిలిస్తే గదా వదినా, పెళ్లిల తిని లావయ్యేది!" అన్నాను.

ఇంక చూడు, చార్జింగ్ అయిపోయేదాకా తిట్టుకున్నాం. మర్నాడు పొద్దున్నే వదిన బతుకమ్మకని తంగేడు పూలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"జరుగు, ఇంకా తిట్టేటివి మిగిలినయ్," అంటూ లోపలికొచ్చింది.