ఒత్తులక్కయ్య కళ్ళజోడు

ఒత్తులక్కయ్యకు ఒకే ఒక్క జబ్బు. కంటికి ఏ అక్షరం కనబడినా దాన్ని పక్కవాళ్ళ చేత చదివించాలి. గోడ మీది నోటీసు, మందుసీసా మీది చీటీ, బస్సు నుదుటి మీది బోర్డు, ఏదైనా సరే. "కళ్ళజోడు మర్చిపోయానండీ, కాస్త చదివిపెడతారా?" అని మొదలుపెట్టేది. చదివేవాళ్ళు నిదానస్తులైతే బస్సు కాస్తా వెళ్ళిపోయేది. బస్సు బోర్డు చదివించుకుంటూ అదే బస్సు వదిలేసుకున్న మనిషి ఊరు మొత్తానికి ఆవిడొక్కతే.

ఆవిడ ఉద్యోగం ఒక డిజైన్ ఆఫీసులో. నాలుగైదు భాషల లిపులను ఒకే బోర్డు మీద, ఒకదాన్నొకటి తొక్కుకోకుండా కూర్చోబెట్టడం ఆవిడ పని. తెలుగు అక్షరం కింద వేలాడే ఒత్తును ఎవరైనా నొక్కి ఇరికిస్తే, తన కాలి వేలు తలుపు సందులో పడ్డట్టు గిలగిల్లాడేది. ఆ పేరు అందుకే వచ్చింది.

పక్క బల్ల దగ్గర ఆరేళ్ళుగా స్కేలుబాబు కూర్చునేవాడు. గీతకూ గీతకూ మధ్య వెంట్రుకవాసి తేడా రానివ్వడని అతనికా పేరు. ఆవిణ్ణి చూస్తే అతనికి ఒళ్ళు మండేది. మండదూ మరి? అతను అయిదేళ్ళు కాలేజీలో కూర్చుని పట్టా తెచ్చుకున్నాడు. ఆవిడేమో రబ్బరు స్టాంపుల దుకాణంలో పని నేర్చుకుంది. అక్షరాన్ని తిరగేసి చెక్కడం ముందు, తిన్నగా రాయడం తర్వాత. ఇరుగుపొరుగు దుకాణాల వాళ్ళతో కబుర్లాడుతూ వాళ్ళ లిపులన్నీ పట్టేసింది. అలాంటి మనిషిని ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు పిలిచి, ఏ భాషవాళ్ళ చూపు బోర్డు మీద ముందు ఎక్కడ వాలుతుందో పరిశోధన చేయమన్నారు. పట్టా ఉన్నవాణ్ణి ఎవరూ పిలవలేదు.

టీ తెచ్చే మనిషి ముందు ఆవిడకు కప్పు ఇస్తే, తన టీ చల్లారిపోయిందని స్కేలుబాబు ముట్టుకునేవాడు కాదు. రెండు బల్లల మధ్య దూరం రెండడుగులు. పోనీ ఇంటికి వెళ్తే అక్కడా సుఖం లేదు.

"స్టేషన్లో కొత్త బోర్డు మీ అక్కయ్యగారిదేనటగా? ఎంత బాగుందో!" అనేది భార్య.

"దానికి మేకులెక్కడ కొట్టాలో చెప్పింది నేను," అనేవాడు.

ఇంతలో ఒక పెద్దాసుపత్రికి నాలుగు భాషల్లో బోర్డులు చేసే పని వచ్చింది. స్కేలుబాబు మొదటి బోర్డు ముచ్చటగా గీసి గోడకు తగిలించాడు. ఒత్తులక్కయ్య వచ్చి దాని ముందు నిలబడింది.

"తమ్ముడూ, కళ్ళజోడు మర్చిపోయాను. ఆ తలుపు దగ్గర నించుని కాస్త చదివిపెట్టవూ?"

పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి చదివాడు. "కళ... విభాగం." తను రాసింది 'కళ్ళ విభాగం'. సన్నగా గీసిన ఒత్తు పది అడుగుల దూరంలో మాయమైపోయింది. కళ్ళకు మందు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు, ఇక్కడ నాటకాలు కూడా ఆడతారా అని అడిగేవాళ్ళు.

గబగబా ఒత్తును లావు చేసి, మేనేజరు గదిలోకి వెళ్ళాడు. "పాపం, ఆవిడకి చదవడం కష్టంగా ఉందండీ. నా కన్ను కాబట్టి తప్పు పట్టుకుంది."

ఆ తర్వాత ఒత్తులక్కయ్య మూడు వారాలు ఆఫీసు మొహమే చూడలేదు. ఆసుపత్రి వరండాలో తను గీసిన కాగితం బోర్డులు అంటించి, జనం ఎలా చదువుతారో చూస్తోందట. "ఆ నివేదిక పెద్ద సభలో చదవమని పిలుపొచ్చింది," అన్నాడు మేనేజరు. స్కేలుబాబుకు ఆ పూట అన్నం దిగలేదు. వరండాలో కూర్చుంటే సభలా? ఆవిడ వెలగబెడుతున్నదేమిటో కళ్ళారా చూడాలని మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి పోయాడు. కుర్చీలో కూర్చోవాలంటే టోకెన్ ఉండాలన్నారు. కళ్ళ విభాగానికి ఒకటి తీసుకుని, స్తంభం చాటున కూర్చున్నాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, చేతిలో ఫైలుతో బోర్డు ముందు నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. ఎవరినైనా అడగాలంటే నామోషీ. ఒత్తులక్కయ్య పక్కన చేరింది.

"బాబుగారూ, కళ్ళజోడు మర్చిపోయాను. కాస్త చదివిపెడతారా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇది... ఎక్స్‌రే అమ్మా. బాణం పైకుంది కదా, మేడ మీద."

"నేనూ అలాగే అనుకున్నానండీ. ఎందుకైనా మంచిది, ముందు ఈ నడవా చివరిదాకా చూద్దామా? నేనూ అక్కడికే."

నడవా చివరే ఎక్స్‌రే గది. ఆయన్ని లోపలికి పంపి, వచ్చి పుస్తకంలో ఏదో రాసుకుంది. గంటలో ఎక్స్‌రే గదికి అయిదుసార్లు, రక్త పరీక్షకు మూడుసార్లు, ఒక అవ్వ వెంట కాన్పుల వార్డుకు ఒకసారి వెళ్ళొచ్చింది.

"మళ్ళీ వచ్చారా!" అన్నాడు ఎక్స్‌రే గది మనిషి. "మీ ఒంట్లో ఎముకలెన్నమ్మా?"

ఇస్త్రీ చొక్కా ఆయన బయటికొచ్చి భార్యతో అంటున్నాడు: "పాపం, ఆవిడకి చదవడం కష్టంగా ఉంది. నేనే దారి చూపించాను."

స్తంభం చాటున స్కేలుబాబు ఉలిక్కిపడ్డాడు. అది అక్షరాలా తను మేనేజరుతో అన్న మాటే.

అప్పుడే అతని టోకెన్ నంబరు పిలిచారు. లోపల నర్సు చూపు పరీక్షించే అట్ట చూపించబోతే, "బయట కాగితాలు అంటించే ఆవిడకి చూపెలా ఉందండీ?" అని అడిగాడు.

"ఆవిడకా! మొన్న సరదాకి పరీక్ష చేస్తే అట్ట మీద చివరి వరసదాకా గడగడా చదివేశారు. పైగా మూడో వరసలో అక్షరాల మధ్య ఖాళీ సరిగ్గా లేదని కాగితం రాసిచ్చారు. ఆవిడకి కళ్ళజోడు ఎందుకు?"

స్కేలుబాబు ఆరేళ్ళూ వెనక్కి నెమరేసుకున్నాడు. తను గీసినవాటిలో ఆవిడ చదివిపెట్టమన్న ప్రతి బోర్డులోనూ ఏదో ఒక తప్పుంది. సరిగ్గా ఉన్నదాన్ని ఒక్కసారీ చదవమనలేదు. పనిలో తనను దాటిపోయిందనే ఇన్నాళ్ళూ ఏడ్చాడు. మంచితనంలోనూ దాటేసిందని ఇప్పుడు తెలిసింది. ఇక తనకు మిగిలిందేమిటి?

నేరుగా వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు. "అక్కయ్యా, మీకు అసలు కళ్ళజోడే లేదు!"

"ష్! మెల్లగా."

"ఆరేళ్ళుగా నా తప్పులన్నీ మీరే..."

"నువ్వేగా పట్టుకున్నావు. నేనేం చెప్పాను?"

"మీరంటే నాకెంత కడుపుమంటో తెలుసా?"

"తెలియకేం? నా పనిని నువ్వు చూసినంత శ్రద్ధగా ఎవరూ చూడరు. కానీ ఒక్క తప్పూ చెప్పవు, మూటగట్టుకు కూర్చుంటావు. ఏవీ, ఉంటే బయటికి తియ్యి."

స్కేలుబాబు మొహం ఎర్రబడింది. జేబులోంచి మడత కాగితం తీశాడు. "మీ బోర్డుల్లో తప్పులు పదిహేడున్నాయి. సభలో అందరి ముందూ అడుగుదామని..."

"పదిహేడే!" ఆవిడ మొహం వెలిగిపోయింది. మొదటిది చదివి ఆగిపోయింది. పైకి చూసే బాణాన్ని కొన్ని భాషలవాళ్ళు 'ముందుకు' అనుకుంటారు, కొందరు 'మేడ మీదికి' అనుకుంటారు అని రాసి ఉంది. కింద తేదీ. "ఇది రెండు వారాల కిందటే తెలుసా నీకు? నాకు తెలియడానికి నూటపదిమంది మెట్లెక్కాల్సొచ్చింది తమ్ముడూ!"

అక్కడే ఒక అవ్వ ఫైలు పట్టుకుని మెట్లవైపు నడుస్తోంది. అతను పరుగెత్తి ఆమెను ఆపాడు. "అవ్వా, ఎక్స్‌రేకేనా? నేనూ అటే, రండి," అంటూ ఫైలు అందుకుని నడవాలోకి తీసుకెళ్ళాడు.

తిరిగొచ్చాక ఇద్దరూ బల్ల మీద కూర్చుని పదిహేడూ తేల్చారు. తొమ్మిదింటికి ఆవిడ ఒప్పుకుంది. మిగిలిన ఎనిమిదింటి మీద వార్డు బాయ్ వచ్చి "ఇది ఆసుపత్రండీ" అనేదాకా పోట్లాడుకున్నారు.

నెల తిరిగేసరికి బోర్డులు వెలిశాయి. బాణం మారింది. జనం తిన్నగా నడుస్తున్నారు. స్కేలుబాబు అసూయ మాత్రం తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు సోమవారం సోమవారం, ఆవిడ ఎదురుగా కూర్చుని, కాగితం చూసి మరీ అసూయపడుతున్నాడు.

మొన్నటి సోమవారం కాగితం అందుకుని ఒత్తులక్కయ్య కంగారుపడింది.

"ఇదేమిటి, మూడేనా? ఒంట్లో బాగా లేదా తమ్ముడూ?"