పెయ్యి కాలుతున్నది

మా మేడంకి ఆలస్యంగా వచ్చేవాళ్లన్నా, మాలాగా మాట్లాడేవాళ్లన్నా పడదు. నేను ఒక్కరోజూ ఆలస్యంగా వెళ్లలేదు. అయినా ఆమెకు నచ్చలేదు. శిక్షణలో చేరిన వారంలోనే వార్డులో ఒక ముసలాయన్ని నేను "ఎట్లున్నరు పెద్దయ్యా, ఏమన్న పరేషానా?" అని పలకరిస్తే, ఆయన ముందే నన్ను ఆపి, "ఎలా ఉన్నారండీ, ఏమైనా ఇబ్బందిగా ఉందా?" అని నాతో మళ్లీ అనిపించింది. ఒకటో తరగతి పిల్లతో ఎక్కం చెప్పించినట్టు. నేను అన్నాను. అంటూనే మనసులో ఆమెను తిట్టుకున్నాను. అటువైపు వాళ్లందరూ ఇంతేనని అననులెండి. నా రూమ్మేట్‌ది కూడా మేడంలా అటువైపే, రాజమండ్రి. మేడంని నాకంటే ఎక్కువ తిట్టేది.

మాది శంషాబాద్ పక్కన ఊరు. మా నాయన కూరగాయలు పండిస్తాడు. క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల శిక్షణకు ఇంటికి దగ్గర్లోనే మానసిక వైద్యశాలలో సీటు వచ్చిందంటే ఎగిరి గంతేశాను. అక్కడ డాక్టర్లు మందులు రాస్తారు. మేము రోగితో మాట్లాడి, పరీక్షలు పెట్టి, మనసు ఏ స్థితిలో ఉందో చెప్తాం. మేము చెప్పేదాన్ని బట్టి మందు పెరగవచ్చు, తగ్గవచ్చు. ఆ "మేము"లో నేను లేను, మేడం ఉంది. ఆమె రోగిని ప్రశ్నలడుగుతుంటే మేం ట్రైనీలం గోడవార కుర్చీల్లో నోరు మూసుకుని రాసుకోవాలి. నెత్తి మీద నుంచి విమానం వెళ్తుంటే ఆమె పెన్ను పైకెత్తి ఆగేది. చప్పుడు పోయాక, ఆగిన మాట దగ్గర నుంచే మళ్లీ మొదలుపెట్టేది. విమానానికి ఇచ్చిన మర్యాద మాకు ఎప్పుడూ ఇవ్వలేదు.

ఆ ఎండాకాలం మామిడిపల్లి నుంచి ఒక పెద్దామె చేరింది. యాభై దాటి ఉంటుంది. ఇరుగుపొరుగు గోడ అవతల నిలబడి తన గురించే గుసగుసలాడుతున్నారని తిండి మానేసింది, నిద్ర మానేసింది. ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడిపే కొడుకు తెచ్చి చేర్పించాడు. ఆమెకు జబ్బు లేదని నేననను. ఉంది. మందు మొదలుపెట్టాక కొంచెం అన్నం తిన్నది, నన్ను "బిడ్డా" అన్నది, మా ఊరి పేరు చెప్తే అక్కడి సంతలో బర్రెను కొన్న సంగతి చెప్పింది. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని, మేడం దగ్గర లేనప్పుడు.

నాలుగు రోజుల తర్వాత మేడం గదిలో ఆమెకు ఇంటర్వ్యూ. కూర్చోవడమే కష్టంగా కూర్చుంది. ముఖం జేగురించి ఉంది. ఏమనిపిస్తోందమ్మా అని మేడం అడిగింది.

"నా పెయ్యంత కాలుతున్నదమ్మా."

మేడం పెన్ను ఆగింది. విమానం ఏదీ రాలేదు.

"ఏ పెయ్య?"

"నా పెయ్యే."

"మీకు పెయ్య ఉందా? ఎక్కడుంది?"

పెద్దామె ఈ ప్రశ్నకు బిత్తరపోయి నావైపు చూసింది. "ఈడనే ఉన్నది గదమ్మా. పెయ్యి లేకుంట మనుషులుంటరా?"

"సరే. దాన్ని ఎవరు కాల్చారు?"

"మీరిచ్చిన గోలీలే. గవి మింగినకాంచే గిట్లయితున్నది."

మా దగ్గర పెయ్యి అంటే ఒళ్లు. పెయ్యి కాలుతున్నదంటే జ్వరం వచ్చిందని. అటువైపు పెయ్య అంటే ఆవుదూడ. మేడం తలలో ఒక దూడ మంటల్లో ఉంది, ఆ మంట పెట్టింది దవాఖాన మాత్రలు. ఆమె గబగబా రాసుకుంటోంది. కొత్త భ్రమ, ఆస్పత్రి మీద అనుమానం. మనసు మందు ఎవరికైనా పడకపోతే, అరుదుగానే, ఒళ్లు కాలిపోయి కండరాలు బిగుసుకుపోతాయి. ఆపకపోతే ప్రాణం పోతుంది. ఆ పాఠం మాకు చెప్పింది కూడా ఈ మేడమే. ఇప్పుడు మందు పెంచమని రాసిందంటే పెద్దామె బతకదు.

నేను లేచి నిలబడ్డాను. "మేడం, పెయ్యి అంటే ఒళ్లు. ఆమెకు జ్వరం."

మేడం తలెత్తలేదు. పేషెంట్ నోట్లో మాటలు పెట్టొద్దన్నది. వాళ్లింట్లో గొడ్ల సావిడి ఉండేదట, పెయ్య అంటే ఏమిటో తనకు నేను చెప్పాలా అన్నది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఒక్కసారి జ్వరం చూడండి మేడం అన్నాను. పొద్దున నర్సు చూసింది, నార్మల్, నువ్వు బయటికి వెళ్లు అన్నది. పక్క కుర్చీల్లో వాళ్లు కాగితాల్లోకి తలలు దించుకున్నారు.

తలుపు దాకా వెళ్లేసరికి వెనక నుంచి పెద్దామె గొంతు వినిపించింది. "నువ్వు మా దిక్కు పిల్లవే గద. జర చెప్పరాదు బిడ్డా."

చెప్పానని ఆమెకు ఎట్లా చెప్పను? ఆ గదిలో మా ఇద్దరి మాటకూ ఒకటే విలువ.

వరండాలో నిలబడ్డాను. ఆమెను వార్డుకు తీసుకెళ్తుంటే ఎదురెళ్లి మెడ మీద చెయ్యి పెట్టాను. ట్రైనీ పేషెంటును ముట్టుకోకూడదు, అది రూలు. మెడ పెనంలా ఉంది. మోచెయ్యి వంచబోతే వంగలేదు. డ్యూటీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన బిర్యానీ పొట్లం అప్పుడే విప్పుతున్నాడు. మేడం ఇప్పుడే ఫోన్ చేసింది, మందు పెంచమంటోంది, ఏదో దూడ గొడవ అట కదా అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మాటైతే మేడంకి కూడా అర్థమవుతుంది. తిండి పక్కన పెట్టి థర్మామీటర్ తీసుకుని రండి, లేకపోతే ఆమె కొడుకుకు నేనే ఫోన్ చేసి ఇక్కడేం జరుగుతోందో చెప్తానన్నాను. విసుక్కుంటూ వచ్చాడు. థర్మామీటర్ చూశాక నవ్వు పోయింది. మందు ఆపించి, అంబులెన్స్ పిలిపించి, సాయంత్రంలోపే పెద్ద దవాఖాన ఐసీయూకి పంపించాడు.

ఆమె బతికింది.

మర్నాడు మేడం నన్ను పిలిచింది. పెయ్యి గురించి అడుగుతుందేమోనని వెళ్లాను, పిచ్చిదాన్ని. రోగిని ముట్టుకున్నందుకు, సూపర్‌వైజర్‌ని దాటి డాక్టర్ దగ్గరికి పోయినందుకు సంజాయిషీ రాసివ్వమన్నది. మీ మాట నమ్మితే ఆమె చచ్చిపోయేది మేడం అన్నాను. "నువ్వు చెప్పే పద్ధతి బాగుంటే నేను వినేదాన్ని" అన్నది, చాలా మెత్తగా. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. అక్కడ వినేది మా ఉద్యోగం, మేమే చెప్పేవాళ్లను లోకువ చేశాం. ఆ తర్వాతి వారం డైరెక్టర్ ముందు కేసు చెప్తూ ప్రాంతీయ పదజాలం పట్ల మనం అప్రమత్తంగా ఉండాలి అన్నది. ఆ అప్రమత్తత తనదే అన్నట్టు. ఆమెను నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

కొన్ని వారాలకు పెద్దామె మళ్లీ మా దగ్గరికే వచ్చింది. ఈసారి వేరే మందు, చాలా తక్కువ మోతాదు. మెల్లగా కోలుకుంది. ఇంటికి పంపే ముందు మేడం గదిలో చివరి ఇంటర్వ్యూ. తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. కొడుకు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎలా ఉన్నారమ్మా అని మేడం అడిగింది.

"శరీరం బాగున్నదండీ. ఏమీ ఇబ్బంది లేదండీ."

ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నది. కొడుకు పెదాలు కూడా ఆమెతోపాటే కదిలాయి. మేడం సంతోషంగా మావైపు తిరిగి, మాటలో ఎంత స్పష్టత వచ్చిందో గమనించారా, రాసుకోండి అన్నది. అందరూ రాసుకున్నారు. నేను రాయలేదు.

బయట కారు దాకా వెళ్లాను. కొడుకు సంచులు డిక్కీలో పెడుతున్నాడు. చుట్టూ ఎవరూ లేరు కదా అని మామూలుగా అడిగాను, "ఇప్పుడు పెయ్యి ఎట్లున్నది పెద్దమ్మా?"

ఆమె ఉలిక్కిపడి దవాఖాన తలుపు వైపు చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గా మాట అనకు బిడ్డా. గది జబ్బు మాట. ఇంటే మళ్ల లోపలేస్తరు."

కొడుకు వెనక డోర్ తీశాడు. ఆమె ఎక్కి కూర్చుని, చీర కొంగు లోపలికి లాక్కుని, పొరుగూరి పిల్లనైన నాకు రెండు చేతులూ జోడించింది.

"వెళ్లొస్తానండీ" అన్నది.