పిన్ని అడిగిన చాటు ఓటు

మొన్నటి ఎన్నికల్లో ఓటు వెయ్యడానికి అమలాపురంలో మా ఇంటి దగ్గరి బడికి పొద్దున్నే బయలుదేరాను. ఎండ ముదరకముందే పని ముగించుకుని రావచ్చని నా ఎత్తు. ఊళ్లో సగం మందికి అదే ఎత్తు తట్టినట్టుంది, వరస బడి గేటు దాటి కొబ్బరికాయల కొట్టు దాకా వచ్చేసింది. నా ముందు నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు ఓటు పద్ధతి మార్చాలని వాదించుకుంటున్నారు. ఒకడు మళ్లీ కాయితాలే రావాలంటాడు. రెండోవాడికి కాయితమూ వద్దు, మిషనూ వద్దు. "ఫోనులో పెట్టేస్తే గొడవ వదిలిపోద్దండి. ఇంట్లో కూచుని నొక్కేసుకోవచ్చు. ఏమంటారండి మేడంగారూ?" అని నన్ను తీర్పు అడిగాడు. జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పినందుకు, ఉద్యోగం మానేసినా ఊళ్లో నాకు ఆ పిలుపు మిగిలింది. "ఇంట్లో నొక్కేటప్పుడు నీ పక్కన ఎవరుంటారు బాబూ?" అన్నాను. "ఎవరుంటారండీ, మా నాన్నగారు, మా పెదనాన్నగారు..." అంటూ ఆగిపోయాడు. తరవాత కాస్త సిగ్గుగా నవ్వాడు.

నాలాంటి మామూలు ఓటరుకి యంత్రాల లోగుట్టు తెలియదు. ముద్ర గుద్దిన కాయితం సిరా అంటకుండా జాగ్రత్తగా మడిచిన రోజులు చూశాను, మీట నొక్కితే కుయ్‌మనే రోజులూ చూస్తున్నాను. ఇప్పుడు నడవలేని ముసలివాళ్ల ఇళ్లకే వచ్చి ఓటు తీసుకుంటున్నారు, మంచిదే. రేపు ఇంకేదో వస్తుంది, రానివ్వండి. నేను చూసేది మాత్రం బల్ల మీద నిలబెట్టిన ఆ అట్ట మాటు. దాని వెనక్కి వెళ్లిన ఆ కాసేపూ ఆడది గానీ మగాడు గానీ, కామందు గానీ కౌలుదారు గానీ, ఎవరికీ ఏమీ కారు. ఆ సంగతి నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా పిన్ని దగ్గర తెలిసింది.

పిన్నిది కొత్తపేట దగ్గర ఒక పల్లెటూరు. నాకు మొదటి ఉద్యోగం ఆ ఊరి బళ్లోనే వచ్చింది. ఒంటరిగా గది తీసుకుని ఉంటానంటే మా వాళ్లు ఒప్పుకోలేదు, బాబయ్య ఇంట్లో దిగాను. బాబయ్య అంటే ఊరికి పెద్ద రైతు. కొబ్బరితోటలూ, వరిచేలూ, చేలల్లో సగం కౌలుకి ఇచ్చినవీ. మనిషి మంచివాడు, ఎవరింట్లో పెళ్లయినా గడ్డిమోపు దగ్గర నుంచి గంపల దాకా ఆయన దొడ్లోంచే వెళ్లేవి. ఒక్కటే బలహీనత, ఊరంతా తనని మెచ్చుకుంటోందని ఆయనకి గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి రుజువు పాలసంఘం. సంఘం పెట్టిన నాటి నుంచీ ఆయనే ప్రెసిడెంటు. గడువు తీరినప్పుడల్లా అమలాపురం నుంచి సూపర్‌వైజరు స్కూటరు మీద వచ్చేవాడు. "ఇప్పుడున్న ప్రెసిడెంటుగారే ఉండాలనుకునేవాళ్లు..." అని ఆయన వాక్యం పూర్తి చేసేలోగా చేతులన్నీ లేచేవి. ఆ తరవాత మజ్జిగ, ఉడికించిన సెనగలు. "ఏకగ్రీవం" అనే మాటని బాబయ్య పనసతొన నములుతున్నట్టు అనేవాడు.

పిన్ని కూడా ఆ సంఘంలో సభ్యురాలే. పుట్టింటివాళ్లు తోలిన గేదె, దాని సంతానం ఆవిడ పేరునే ఉండేవి. తెల్లారకుండా పాలు పితికి, తపేలా చంకన పెట్టుకుని తనే కేంద్రానికి వెళ్లేది. పాలేరు చేత పంపించవచ్చు కదా అంటే, "గేదె నాదైనప్పుడు నడక కూడా నాదేనే అమ్మాయ్" అనేది. ఆవిడ అక్కడికి వెళ్లేది పాల కోసమే కాదని నాకు తరవాత అర్థమైంది. ఊళ్లో ఆడవాళ్లు మగవాళ్లు లేకుండా నాలుగు మాటలు అనుకునే చోటు అదొక్కటే.

అక్కడ వాళ్లు అనుకునే మాటల్లో ముఖ్యమైనది కాలవ. పాలకేంద్రం బాబయ్య వీధిలో ఉంది. సంఘంలో సగానికి పైగా గేదెలు కాలవ అవతల ఉన్నాయి. మధ్యలో రెండు తాటిదుంగలు పరిచిన వంతెన. వానాకాలంలో దాని మీద నాచు పట్టేది. ఆలస్యమైతే పాలు విరిగాయని వెనక్కి పంపేవారు, తొందరపడితే జారేవారు. అవతల గట్టున కూడా పొద్దున్న ఒక గంట పాలు పోయించుకోమని వాళ్లు అడుగుతూనే ఉన్నారు. బాబయ్య "చూద్దాం" అంటూనే ఉన్నాడు. అది అబద్ధం కాదు, చూద్దామనే అనుకునేవాడు. ఆ ఏడు శ్రావణమాసంలో ఒకావిడ దుంగ మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆవిడ తోడికోడలు ఒకావిడ ఉండేది. భర్త పోయాక రెండు గేదెలు, బాబయ్య దగ్గర కౌలుకి తీసుకున్న కాస్త చేనూ పెట్టుకుని పిల్లల్ని పెంచుకుంటోంది. పిన్ని ఆవిడని వదినా అని పిలిచేది, నేనూ ఇక్కడ వదినగారనే అంటాను. ఈసారి ప్రెసిడెంటుగా తను నిలబడతానని వదినగారు పాల బిందెల దగ్గర మెల్లిగా అంది. మెల్లిగా అన్నా ఊరంతా వినపడింది.

మహాజన సభ పాలకేంద్రం ముందు పందిట్లో పెట్టారు. సూపర్‌వైజరు గొంతు సవరించుకుని, "అయితే ఈసారి ఇద్దరున్నారన్న మాట. ముందు ప్రెసిడెంటుగారి వైపు వాళ్లు చేతులెత్తండి" అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి పిన్ని లేచి నిలబడింది. కొంగు భుజం మీదుగా లాక్కుని, "ఆగండి. చేతులెత్తడం వద్దండి. చాటుగా ఓటు పెట్టండి" అంది.

సూపర్‌వైజరు తెల్లబోయాడు. "మీ ఇంటాయనే కదండీ అమ్మగారూ, మీకెందుకండీ అనుమానం?"

"ఆయన మీద అనుమానం కాదండి. చెయ్యెత్తితే అది మొహమాటం అవుద్ది గానీ ఓటవదండి. ఆయన ఎదురుగా కూచుని చూస్తుంటే, ఆయన చేలో కౌలు చేసేవోళ్లు చెయ్యి ఎలా దించుకుంటారండి?"

సూపర్‌వైజరుకి దారి తోచక, "సరేనండి, చాటు ఓటు కావాలనుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. అందరూ బాబయ్య మొహంకేసి చూశారు. పిన్ని చెయ్యి లేచింది, వదినగారి చెయ్యి లేచింది, అంతే. తక్కినవాళ్లంతా చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నారు. పిన్ని అడిగినదానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. బాబయ్య కండువా దులిపి లేచాడు. "పెట్టండయ్యా, చాటుగానే పెట్టండి. నాకేం భయవా?" అన్నాడు. ఆ మాట ఉదారంగా అన్నాడని చెప్పను, పౌరుషంతో అన్నాడు. ఎలా పెట్టినా తనే గెలుస్తాడని ఆయనకి రవ్వంత సందేహం లేదు.

వచ్చే ఆదివారం అనుకున్నారు. ఆ వారమంతా ఇంట్లో గాలి బిగదీసుకుపోయింది. ఒకపూట అన్నాల దగ్గర బాబయ్య ఉండబట్టలేక, "అయితే నువ్వు నాకు వెయ్యవా ఏంటి?" అని అడిగాడు. పిన్ని పనసపొట్టు కూర మారు వడ్డిస్తూ, "అది చెప్పకూడదనే కదండీ చాటుగా పెట్టమంది" అంది. ఆయన ఆ కూర తినలేదు. ఆయన కూర మానడం ఆ ఇంట్లో నేను చూసినది అదొక్కసారే.

కాయితాల మీద పేర్లంటే సంఘంలో చాలామందికి చదువు లేదు. మనిషికో వక్క ఇద్దామనీ, పాలు కొలిచే గదిలో రెండు బిందెలు పెడదామనీ అనుకున్నారు. బాబయ్య బిందెకి కొబ్బరాకు, వదినగారి బిందెకి బంతిపూల దండ. తలుపు లేని ఆ లోగదికి తెర కావలసివస్తే నా నేతచీర ఒకటి తెచ్చి గుమ్మానికి కట్టాను. ఎవరి బిందె వాళ్లే తెచ్చుకున్నారు. బాబయ్యది తాతలనాటి ఇత్తడి బిందె. వదినగారిది సొట్టలు పడ్డ సత్తు బిందె. ఇందులో ఉన్న ప్రమాదం మాలో ఒక్కరికీ తట్టలేదు.

మొదట ఊరందరికీ మామ్మగారయిన ఒక ముసలావిడ తెర వెనక్కి వెళ్లింది. లోపల వక్క పడింది. ఠంగుమని గుడిగంటలా మోగింది. "ఇత్తడిదే!" అని వరండా అంతా గొల్లుమంది. బాబయ్య మీసం చాటున నవ్వుకున్నాడు. రెండోసారి వెళ్లింది కాలవ అవతల ఒక కౌలుదారు భార్య. ఈసారి గదిలోంచి టప్పుమని మూగ చప్పుడు వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల తెర తొలగించుకుని బయటికి వచ్చి, వరండాలో నిశ్శబ్దం వినేసరికి సంగతి గ్రహించింది. గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది. వాళ్లాయన తల ఎత్తలేదు.

బాబయ్య లేచాడు. ఇప్పుడేమంటాడో అని పిన్ని కూడా లేచింది. ఆయన ఎవరితోనూ ఏమీ అనకుండా చెప్పులు వేసుకుని ఇంటికేసి వెళ్లిపోయాడు. అలిగి వెళ్లాడనుకున్నాం. సూపర్‌వైజరు చేతిరుమాలుతో మొహం తుడుచుకుంటూ కూచున్నాడు. కాసేపటికి బాబయ్య రెండు చేతుల నిండా కొబ్బరిపీచు పట్టుకుని వచ్చాడు. తెల్లటి పంచె నిండా పొట్టు. గదిలోకి వెళ్లి రెండు వక్కలూ తీసి, రెండు బిందెల అడుగునా పీచు మెత్తగా పరిచాడు. ఒక్కోదాంట్లో వక్క వేసి, చెవి ఒగ్గి విన్నాడు. ఇత్తడిది ఇంకా కాస్త పలికినట్టుంది, దాంట్లో మరో గుప్పెడు కుక్కాడు. ఆ వక్కలు తీసేసి బయటికి వచ్చి, "ఇందాకటివి చెల్లవు. మళ్లీ మొదట్నించీ కానివ్వండి" అన్నాడు. గోడ దగ్గర నిలబడ్డ పిల్ల చేతిలో వక్క పెట్టి, "నాకీమధ్య చెవులు సరిగ్గా వినపట్టం లేదమ్మా. ఎల్లి నీ ఓటు ఏసిరా" అన్నాడు.

ఆ పిల్ల "ఆయ్" అంది. వక్క గుప్పెట్లో పెట్టుకుని తెర వెనక్కి నడిచింది. పిన్నికేసి చూశాను. ఆవిడ బాబయ్యకేసి చూస్తోంది. పెళ్లినాటి నుంచీ ఎరిగిన మనిషిని కొత్తగా చూస్తున్నట్టుంది ఆ చూపు. ఎప్పుడూ ఎదటివారి ముందు ఆయన్ని పొగడని మనిషి, ఆరోజు పక్కావిడతో, "మా ఆయనండి" అంది, ఆ సంగతి ఎవరికీ తెలియనట్టు.

వక్కలు లెక్కపెడితే వదినగారు గెలిచింది. మరీ ఎక్కువ తేడా లేదు గానీ గెలుపు గెలుపే. బాబయ్య కేంద్రం తాళంచెవి మొలతాడు నుంచి విప్పి ఆవిడ చేతికిచ్చాడు. "జాగర్తండి, తాళం కాస్త బిగువు. ఎడం పక్కకి నొక్కి తిప్పాలి" అన్నాడు. అంతవరకూ మహారాజే. ఇంటికి వచ్చాక మాత్రం మామూలు మనిషే అయ్యాడు. చాలా రోజులు ఆ వీధి వైపు తిరగలేదు, దొడ్డిదారిన చేలోకి వెళ్లేవాడు. పిన్ని మర్నాడు ఆయనకిష్టమని పొట్టిక్కలు వండింది. ఆ ఇడ్లీల పనసాకు బుట్టలు ఒక్కొక్కటీ విప్పుకుని తింటూనే అలిగాడు. నాలుగు బుట్టలయ్యాక, "ఊరి మాట నాకు ముందే నువ్వైనా చెప్పొచ్చు కదే" అన్నాడు. "చెప్పేనండి. చూద్దామన్నారు" అంది పిన్ని.

కాలవ అవతల గట్టున పాలు పోయించుకోవడం దీపావళి లోపే మొదలైంది. వదినగారు గడువంతా సంఘాన్ని బాగానే నడిపింది. గడువు తీరాక బాబయ్య మళ్లీ నిలబడ్డాడు. ఆయన జన్మలో మొదటిసారి ఓట్లు అడగడానికి బయలుదేరాడు. పంచె ఎగ్గట్టి, తాటిదుంగల మీద అడుగులో అడుగేసుకుంటూ కాలవ దాటి, గుమ్మం గుమ్మానికీ వెళ్లాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఆ దుంగల మీద పాలు నెత్తినెట్టుకుని ఎలా వచ్చేవోరే వీళ్లు?" అన్నాడు. గెలిచినా ఓడినా అక్కడ సిమెంటు పలకల వంతెన వేయించి తీరతానని అక్కడే మాటిచ్చి వచ్చాడట. ఈసారీ చాటు ఓటే. సంఘంలో ఇక చేతులెత్తించే ధైర్యం ఏ సూపర్‌వైజరూ చెయ్యలేదు. బాబయ్య గెలిచాడు. వంతెన వేయించాడు కూడా.

ఆ తరవాత ఎవరైనా చుట్టాలొచ్చి, మీరు ఎన్నిసార్లు ప్రెసిడెంటుగా చేశారని అడిగితే, బాబయ్య అరుగు మీద సర్దుకుని కూచునేవాడు. "ఎన్నికయ్యింది చాలాసార్లేనండి. గెల్చింది మాత్రం ఒక్కసారే" అనేవాడు. ఆ రెండో ముక్క చెప్పేటప్పుడు ఆయన మొహంలో వెలుగు, ఏకగ్రీవాల నాటి మొహంలో నేనెప్పుడూ చూడలేదు. పిన్ని లోపలి నుంచి మజ్జిగ తెస్తూ వినీ విననట్టు ఊరుకునేది.

బాబయ్య పోయిన ఏడాది తరవాత ఒకసారి పిన్నిని చూడ్డానికి వెళ్లి, ఇంక ఉండబట్టలేక అడిగేశాను, ఆ మొదటిసారి వక్క ఏ బిందెలో వేశావని. ఆవిడ చాటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపకుండానే, "ఆయనకే చెప్పలేదు, నీకు చెబుతాననుకున్నావే?" అంది. చెప్పకుండానే పిన్నీ వెళ్లిపోయింది. తెలియనందుకు నాకు బెంగ లేదు. తెలియకపోవడమే గర్వంగా ఉంటుంది.

ఇప్పుడా ఊళ్లో గేదెలు తగ్గాయి, చేలు చాలావరకు రొయ్యల చెరువులయ్యాయి, ఆ పాలసంఘం ఎప్పుడో మూతపడింది. అక్కడి కుర్రవాళ్లతో ఒకప్పుడు ఇక్కడ చేతులెత్తి ఓట్లు వేసేవారంటే, ఎందుకలా అని వింతగా అడుగుతారు. ఒక మనిషి నిండు సభలో లేచి గొంతు పెగల్చుకుని అడిగి తెచ్చుకున్నది, తరవాతివాళ్లకి ఇంత మామూలు సంగతి అయిపోతుంది. అలా మామూలు చెయ్యడమే కాలం అలాంటివాళ్లకి చేసే మర్యాద కాబోలు.