మనవడి మొదటి మాటకు నా సాక్ష్యం

మా మనవడు ఏడాది నిండకుండానే మొదటి మాట పలికాడు. ఆ మాట "తాతా". అదీ ముద్దముద్దగా కాదు, రేడియోలో వార్తలు చదివే మనిషిలా అక్షరం అక్షరం విడదీసి. విన్నది నేనొక్కణ్ణే. ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ రాగానే లేచి నిలబడి, జ్ఞానాపురం సంఘమంతటి ముందూ ఈ సంగతి చెప్పి దేవుణ్ణి స్తుతించాను. జనం చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు పిల్లవాడి తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. మా ఆవిడ మాత్రం నా మొహం చూడకుండా పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చుంది.

ఆ తర్వాత వాడి నోటి నుంచి నేను మరో మాట వినలేదు. నెలలు గడిచాయి. వీధిలో వాడి ఈడు పిల్లలు అత్తలనీ మామలనీ పిలుస్తున్నారు. వీడు నా ఎదురుగా చాప మీద కూర్చుని పెదాలు కదుపుతాడు, లోపలి నుంచి ఏమీ రాదు. దేవుడి సన్నిధిలో గొప్పలకు పోయి అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు ఆయన పిల్లవాడి గొంతు నొక్కేశాడేమోనని నాకు భయం పట్టుకుంది. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఆవిడా, కోడలూ పెరట్లో బట్టలు ఉతుకుతున్నారు. ముందు గదిలో నేనూ వాడూ ఉన్నాం. కిటికీ గట్టు మీద ఎప్పటిలాగే రేవు నుంచి వచ్చిన బొగ్గు పొడి. పిల్లవాడు ఉన్నట్టుండి ఆట ఆపి, నా భుజం మీదుగా నా వెనక్కి చూశాడు. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు.

నేను లేచి నిలబడ్డాను. లేవాలని అనుకోలేదు, లేచేశాను.

వాడు పిడికిలి బిగించాడు. అడుగు వేయబోయినవాణ్ణి అక్కడే ఆగిపోయాను. వేలు కిందికి దించి తిప్పాడు. కుర్చీలో కూర్చున్నాను. ఆ పని ముగిసినట్టు వాడు అరచేత్తో తన నెత్తి మీద రెండుసార్లు తట్టుకున్నాడు. నా వీపు మీద ఎవరో తడిగుడ్డ పరిచినట్టయింది. మెల్లగా వెనక్కి తిరిగి చూశాను. గోడ, గోడ మీద మా వియ్యంకుడి ఫొటో, అంతే.

ఆ సైగలు నాకు కొత్తవి కావు. నేను రేవులో క్రేన్ నడిపినవాణ్ణి. కోడలి తండ్రి కింద ఓడ మీద నిలబడి నాకు సైగలు చేసే మనిషి. అంత ఎత్తున కేబిన్‌లో ఇంజను రొదకి ఏ మాటా వినబడదు. అతని వేలు పైకి తిరిగితే బరువు ఎత్తాలి, కిందికి తిరిగితే దించాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. ఆలోచించకూడదు, చెయ్యాలి. ఆలోచిస్తే కింద మనుషులు పోతారు. మిగతావి రేవులో అందరూ చేసే సైగలే. నెత్తి తట్టుకోవడం మాత్రం అతని ఒక్కడిదే. పని అయిపోయింది, దిగి రా బావా అని. మనవడు పుట్టకముందే అతను పోయాడు.

అప్పటి నుంచి ఆ పిల్లవాడితో ఒంటరిగా ఉండాలంటే నాకు గుండెల్లో రాయి పడేది. వాడు చెయ్యి ఎత్తితే నా కాళ్లు వాడి మాటే వినేవి. ఒకసారి గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి వాడు నా పంచె పట్టుకు లాగి పిడికిలి చూపించాడు. ఆగాను. నేను అడుగు పెట్టాల్సిన చోట మేడ మీద నుంచి సిమెంటు కుండీ పడి ముక్కలైపోయింది.

కుండీ కాదు. పై వాటాలో వాళ్లు ఆరేసిన తువ్వాలు. రాసేటప్పుడు చెయ్యి ఊరుకోదు. కానీ నేను ఆగిన మాట నిజం, అది నా ముందు పడిన మాట నిజం.

మర్నాడు సమాధుల తోటకి వెళ్లాను. వియ్యంకుడి సిలువ మీద కూడా బొగ్గు పొడి పేరుకుని ఉంది. తుడుస్తూ, "బావా, తప్పు నాది. పిల్లోడికి నీ సేతులిచ్చీసి గొంతు పట్టుకుపోకు," అని బతిమాలుకున్నాను. ఎండ మాడుతోంది. గాలి లేదు. అయినా నా నెత్తి మీద ఎవరో తట్టినట్టు అనిపించి, చెప్పులు చేత పట్టుకుని బయటికి వచ్చేశాను.

ఇక దాచి లాభం లేదు. వాడు "తాతా" అనడం నేను చెవులతో వినలేదు. వాడి పెదాలు విచ్చుకోవడం చూశాను, మిగతాది నేనే పూర్తి చేసుకున్నాను. నా చెవులు క్రేన్ కేబిన్‌లోనే పోయాయి. ఎంత పోయాయని ఎవరైనా అడిగితే కాస్త మందం అంటాను. ఎదుటివాళ్లు చెప్పింది అందకపోతే తల ఊపి నవ్వుతాను. చెవుల మిషను పెట్టుకోమంటే ముసలివాళ్లు పెట్టుకుంటారు అంటాను.

ఆ సాయంత్రం కోడల్ని కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. వచ్చే ఆదివారం సంఘం ముందు తప్పు ఒప్పుకుంటానన్నాను. మీ నాన్న పిల్లవాడిలో దిగాడమ్మా, అందుకే వాడికి మాట రావడం లేదన్నాను.

ఆమె కళ్లు పెద్దవి చేసుకుని నా చెవి దగ్గరికి వచ్చి అరిచింది. "ఎవలికి రాదు మావయ్యా మాట? పొద్దున్న లేత్తే ఆడి నోరు మూయించలేక సత్తన్నాను!"

మా ఆవిడ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది. రెండో చెవి ఆవిడ తీసుకుంది. "ఏటయ్యా, ఈ ఇంట్లో నీతో నోటితో మాటాడే మనిషెవలు? లే అన్నా, కూకో అన్నా, ఆగు అన్నా సేతులే కదా! నువ్వే నేర్పేవు మాకు, రేవులో సైగలని. ఆ గుంటడు అదే సూత్తన్నాడు. తాతతో మాటాడాలంటే సెయ్యి తిప్పాలనుకున్నాడు. దెయ్యం లేదు, గియ్యం లేదు."

"మరి ఆ నెత్తి తట్టుకోవడం?" అన్నాను. "అది మా బావది. నేను ఇంట్లో ఎప్పుడూ సెయ్యలేదు. మీరెవలైనా సేసేరా?"

మా ఆవిడ కోడలి వైపు చూసింది. కోడలు తల అడ్డంగా ఊపింది. అది మాటల్లో చెప్పకపోయినా నాకు స్పష్టంగా వినబడింది. కాసేపు ముగ్గురిలో ఎవరమూ ఫొటో వైపు చూడలేదు. పిల్లవాడు చాప మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు.

నాకు కొంచెం ధైర్యం వచ్చింది. "సరే, ఆడికి మాట వచ్చిందన్నారు, అంతే చాలు. మొదటి మాట తాతా అన్నది మాత్రం..."

కోడలు మళ్లీ నా చెవి దగ్గరికి వంగింది.

"లారీ, మావయ్యా. ఆడి మొదటి మాట లారీ. మీరు సాచ్చెం సెప్పిన నెల్లాళ్లకి, మీ ఒళ్లోనే కూకుని అన్నాడు. అప్పుడే మీకు సెప్పేను, మీరు తలూపి నవ్వీసేరు. తాతా అని ఇప్పటికీ అన్లేదు."